‘పంపాను’ అంటే చాలదు: ఒక తెలుగు విద్యార్థిని స్పానిష్ కర్మ సర్వనామాలు నేర్చుకున్న తీరు

ఆమె నా దగ్గరకు వచ్చేటప్పటికే రెండేళ్లుగా స్పానిష్ చదువుతున్నారు. హైదరాబాదులో ఒక మందుల తయారీ సంస్థలో నాణ్యతా విభాగంలో ఉద్యోగం. వారానికోసారి మెక్సికో నగరంలోని కొనుగోలుదారులతో ఫోనులో మాట్లాడాలి. ఆమె పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మిగిలిన వివరాలు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు.

మొదటి రోజు ఆమె తన ఇబ్బందిని ఒక సంఘటనతో చెప్పారు. ఫోనులో అవతలివారు “యా మాందాస్తె ఎల్ సెర్తిఫికాదో?” అని అడిగారు, అంటే సర్టిఫికెట్ పంపేశావా అని. ఈమె “సి, మాందే” అన్నారు. అవును, పంపాను అని ఆమె ఉద్దేశం. అవతల క్షణం మౌనం. తర్వాత “మాందె?” అన్నారు. ఈమె మళ్లీ “సి, మాందే” అన్నారు. మళ్లీ “మాందె?”

మెక్సికోలో ఎదుటివారి మాట అర్థం కాకపోతే మర్యాదగా “మాందె?” అంటారు, మనం “ఏమన్నారండీ?” అన్నట్లు. ఈమె అన్న మాటలో ఊనిక చివరి అక్షరం మీద ఉంటుంది, వాళ్లు అన్నదానిలో మొదటి అక్షరం మీద. వాళ్లకు అర్థం కానిది ఆ క్రియ కాదు, దాని ముందు ఉండవలసిన ‘లొ’ లేకపోవడం. “సి, లొ మాందే” అనాలి: అవును, దాన్ని పంపాను. ఆ చిన్న మాట లేకపోతే స్పానిష్ చెవికి వాక్యం సగంలో ఆగిపోయినట్లు ఉంటుంది. ‘పంపాను... ఏమిటి?’ అని వాళ్లు ఎదురుచూస్తారు.

ముందుగా లిపి గురించి ఒక మాట. స్పానిష్ మాటలను మెక్సికోలో పలికే తీరుకు దగ్గరగా తెలుగులో రాస్తున్నాను. ‘లొ’, ‘లె’, ‘మె’, ‘సె’ అని హ్రస్వంగా రాయడం కావాలని చేసిన పని. ఇవి ఊనిక లేని మాటలు, క్రియను అంటిపెట్టుకుని గబుక్కున వచ్చిపోతాయి. ‘లో’ అని దీర్ఘం తీస్తే వాటి స్వభావమే మారిపోతుంది.

అప్పజెప్పగలరు, వాడలేరు

మొదటి రెండు తరగతుల్లో నేనేమీ నేర్పలేదు. ఆమె చేత మాట్లాడించాను, రికార్డు చేశాను, ఇంటికి వెళ్లి మాట వెంట మాట రాసుకున్నాను. కర్మ సర్వనామాల పట్టిక అడిగితే ఆమె తడుముకోకుండా అప్పజెప్పారు. ప్రత్యక్ష కర్మకు, అంటే ‘దేన్ని, ఎవరిని’ అన్నదానికి: మె, తె, లొ, లా, నొస్, లొస్, లాస్. పరోక్ష కర్మకు, అంటే ‘ఎవరికి’ అన్నదానికి: మె, తె, లె, నొస్, లెస్. అంతా సరిగ్గానే ఉంది. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ పట్టిక ఎక్కడా కనిపించలేదు.

రాసుకున్న కాగితాల మీద తప్పులకు నాలుగు రంగులు పూశాను. అన్నింటికన్నా ఎక్కువ కనిపించిన రంగు అసలు చెప్పకుండా వదిలేసిన సర్వనామాలది. తర్వాతిది, పుంలింగమా స్త్రీలింగమా అని చూడకుండా వస్తువు ఏదైనా ‘లొ’ అనేయడం. మూడోది, క్రియ తర్వాత సర్వనామం పెట్టడం: ‘నేను దాన్ని అతనికి ఇచ్చాను’ అనడానికి “యో ది లొ ఆ ఎల్” వంటి వాక్యాలు. నాలుగోది తక్కువ చోట్లే ఉంది కానీ ప్రమాదకరమైనది, అక్కర్లేని చోట ‘మె’ వచ్చి చేరడం.

నాకు ఎక్కువ పనికొచ్చిన ఆధారం రెండో రంగులో కాదు, మొదటి, మూడో రంగులు ఒకే మనిషిలో కలిసి ఉండటంలో దొరికింది. క్రియ తర్వాత సర్వనామం పెట్టడం ఇంగ్లీషు అలవాటు. కానీ ఇంగ్లీషులో ‘దాన్ని’ అనే మాటను వదిలేయడం కుదరదు. మరి ఆమె ఎందుకు వదిలేస్తున్నారు? వాక్యం ముందు తెలుగులో పుడుతోంది. తెలుగులో “సర్టిఫికెట్ పంపారా?” అంటే “పంపాను” అంటాం. “దాన్ని పంపాను” అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఇంకేదో పంపలేదన్న అర్థం కూడా ధ్వనిస్తుంది. ఆమె వాక్యం పుట్టినప్పుడే కర్మ లేకుండా పుట్టింది. తర్వాత ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌లోకి వెళ్లేటప్పుడు వాక్యక్రమం చెడింది. పాఠ్యపుస్తకం, ఫోనులోని యాప్ రెండూ ఇంగ్లీషులో నేర్పినవే కాబట్టి ఈ మొదటి మెట్టును అవి చూడలేదు. ఇంగ్లీషు మాట్లాడేవాడికి లేని సమస్యకు అక్కడ పాఠం ఉండదు.

అందుకే పట్టికను పక్కన పెట్టి, ఇంగ్లీషును మధ్య నుంచి తీసేయాలని నిర్ణయించుకున్నాను.

ఖాళీ గడులు

మొదటి నెలంతా ఒకటే పని. ఇంట్లో జరిగే మామూలు తెలుగు సంభాషణలు నాలుగైదు రాసుకురమ్మన్నాను. ఆమె తెచ్చినవి ఇలా ఉన్నాయి: “తాళాలు తీసుకున్నావా?” “తీసుకున్నాను.” “అమ్మ మాత్రలు వేసుకుందా?” “వేసుకుంది.” “అన్నం పెట్టావా వాడికి?” “పెట్టాను.” జవాబుల్లో ఎక్కడ కర్మ మౌనంగా ఉందో అక్కడ ఒక ఖాళీ గడి గీయమన్నాను. చివరి జవాబులో రెండు గడులు వచ్చాయి, అన్నానికి ఒకటి, వాడికి ఒకటి. ఆ రెండో గడి గీసి ఆమె పెన్ను పట్టుకుని కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు. “ఇన్ని వదిలేస్తున్నామా మేడమ్?” అని అడిగారు.

వదిలేయడం లోపం కాదని ఆమెకు గట్టిగా చెప్పాను. తెలుగులో కర్త కూడా చెప్పం, క్రియ చివర ‘-ను’, ‘-డు’, ‘-ది’ చూసి తెలుసుకుంటాం. స్పానిష్ కూడా కర్తను ఇలాగే వదిలేస్తుంది. ‘మాందే’ అంటే పంపాను, ‘మాందో’ అంటే పంపాడు లేదా పంపింది. అయితే కర్మ విషయంలో రెండు భాషల దారులు వేరు. ఇది తెలిసిన తర్వాత ఆమె వాక్యం మొదట్లో అనవసరంగా పెట్టే ‘యో’ (నేను) కూడా తగ్గిపోయింది. నేను దాని గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు.

తర్వాత ఆ గడులను స్పానిష్‌తో నింపించాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రశ్నలో వస్తువు ఫలానాదని తెలిసినప్పుడే జవాబులో సర్వనామం తప్పనిసరి. “కొంప్రాస్తె లా లేచె?” అంటే (మనం అనుకున్న) ఆ పాలు కొన్నావా అని. జవాబు “సి, లా కొంప్రే”. కానీ ముందు ‘లా’ లేకుండా “కొంప్రాస్తె లేచె?” అని, పాలేమైనా కొన్నావా అన్న అర్థంలో అడిగితే “సి, కొంప్రే” అనడం సహజమే. ఈ తేడా చెప్పకుండా ‘ప్రతిచోటా లొ పెట్టండి’ అని నేర్పితే విద్యార్థి కొత్త తప్పులు మొదలుపెడతాడు. నా పాత విద్యార్థులు కొందరి విషయంలో నేను ఈ పొరపాటు చేశాను, ఆ సంగతి ఇప్పటికీ గుర్తుంది.

‘లొ’నా, ‘లా’నా అన్న చిక్కుకు నేను పెద్దగా సమయం పెట్టలేదు. తెలుగులో బల్లకూ కలానికీ ఒకటే ‘అది’. స్పానిష్‌లో బల్ల ‘లా మేసా’, స్త్రీలింగం. కాబట్టి దాన్ని తీసుకురా అన్నప్పుడు ‘లా’. ఆమె నామవాచకాలను ఒంటరిగా కంఠస్థం చేశారు, ముందుండే ‘ఎల్’ (పుంలింగానికి), ‘లా’ (స్త్రీలింగానికి) లేకుండా. దీనికి ఉపాయం ఏమీ లేదు, మళ్లీ నేర్చుకోవడమే. ఆమె ఉద్యోగంలో రోజూ వచ్చే అరవై మాటలు ఎంచుకుని వాటిని ‘ఎల్’, ‘లా’లతో కలిపి మళ్లీ రాసుకున్నారు: ఎల్ ఇన్ఫోర్మె అంటే నివేదిక, లా ముయెస్త్రా అంటే నమూనా, లా ఎతికేతా అంటే లేబుల్, ఎల్ లోతె అంటే ఒక విడతలో తయారైన సరుకు. సర్వనామాలైన లొ, లా, లొస్, లాస్‌లు కూడా ఆ ‘ఎల్’, ‘లా’ పుట్టిన లాటిన్ మాట నుంచే వచ్చాయి. అందుకే పోలిక అంతగా కనిపిస్తుంది. ఆ చుట్టరికం చెప్పాక ఆమెకు గుర్తుపెట్టుకోవడం కొంత తేలికైంది.

ని, కి

ఈ కేసులో నాకు అన్నింటికంటే విలువైన భాగం ఇదే.

స్పానిష్‌లో మనిషి ప్రత్యక్ష కర్మ అయితే అతని ముందు ‘ఆ’ అనే మాట వస్తుంది. వస్తువైతే రాదు. “బి ఎల్ ఇన్ఫోర్మె”, నివేదిక చూశాను. “బి ఆ లా దిరెక్తోరా”, డైరెక్టరుగారిని చూశాను. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారికి ఇది తలనొప్పి. తెలుగువారికి మాత్రం ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. మనమూ ‘నివేదిక చూశాను’ అని ‘ని’ లేకుండా అంటాం, మనిషి దగ్గరకు వచ్చేసరికి ‘డైరెక్టరుగారిని’ అనక తప్పదు. ఆమె దీన్ని ఒక్క తరగతిలో పట్టుకున్నారు.

చిక్కు తర్వాత మొదలవుతుంది. పరోక్ష కర్మ ముందు కూడా అదే ‘ఆ’ వస్తుంది. “ది ఎల్ ఇన్ఫోర్మె ఆ లా దిరెక్తోరా”, డైరెక్టరుగారికి నివేదిక ఇచ్చాను. రెండుచోట్లా ‘ఆ లా దిరెక్తోరా’నే. కానీ సర్వనామం పెట్టేటప్పుడు మొదటిది ‘లా’ అవుతుంది, రెండోది ‘లె’ అవుతుంది. స్పానిష్ వాక్యాన్ని ఎంతసేపు చూసినా ఈ తేడా పైకి కనిపించదు. తెలుగులో చెప్పుకుంటే వెంటనే తెలుస్తుంది: ‘గారిని’ అయితే లొ లేదా లా, ‘గారికి’ అయితే లె.

ఈ మాట చెప్పగానే ఆమె చిన్నప్పటి విభక్తులు గుర్తుచేసుకున్నారు. “ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి” అని బడిలో అప్పజెప్పిన స్వరంలోనే చదివారు. “మరి కి, కు షష్ఠిలో కదా మేడమ్, యొక్క, లో, లోపలతో పాటు?” అని అడిగారు. అవును, మన సంప్రదాయ వ్యాకరణం ‘కి, కు’లను షష్ఠిలోనే చేర్చింది. ఇక్కడ మనకు కావలసింది ఆ పేరు కాదు, ఆ ‘కి’ చేసే పని అని చెప్పి ముందుకు సాగాం.

వాక్యక్రమం మరింత సులువుగా కుదిరింది. ‘నాకు దాన్ని పంపాడు’ అన్న తెలుగు వాక్యాన్ని ఉన్నది ఉన్నట్లు స్పానిష్ చేయమన్నాను. నాకు: మె. దాన్ని: లొ. పంపాడు: మాందో. “మె లొ మాందో”. ఒక్క మాట కూడా కదపనక్కర్లేదు. ముందు ‘కి’, తర్వాత ‘ని’, చివర క్రియ, ఆ క్రియ చివరే కర్త. రెండేళ్లు “మాందో లొ ఆ మీ” అని తంటాలు పడిన మనిషి ఆ వాక్యం చూసి నవ్వారు, ఆ వెంటనే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. తెలుగు తనకు అడ్డమని ఆమెకు ఎవరో చెప్పారట. అది అడ్డం కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క వాక్యం చెప్పినంత బలంగా చెప్పలేకపోయేదాన్ని.

నచ్చడం, ఒళ్లు నొప్పులు వంటివి కూడా మనకు కలిసొస్తాయి. “నాకు మామిడిపళ్లు నచ్చుతాయి” అంటే క్రియ ‘నాకు’తో కాదు, మామిడిపళ్లతో నడుస్తుంది. స్పానిష్‌లోనూ అంతే: “మె గుస్తాన్ లొస్ మాంగోస్”. పండు ఒకటైతే ‘గుస్తా’. అలాగే “చేతులు కడుక్కున్నాను” అన్నప్పుడు ‘నా చేతులు’ అనం, ‘కొను’ చేరడంతోనే ఎవరి చేతులో తెలుస్తుంది. స్పానిష్‌లో ఆ ‘కొను’ పనిని ‘మె’ చేస్తుంది: “మె లాబే లాస్ మానోస్”. ఆ వారం ఆమె తన ఇంట్లోవారి పనులన్నింటినీ ఇలా రాసుకొచ్చారు.

ఎక్కడ బెడిసింది

ఇంత బాగా కుదిరేసరికి నేను తొందరపడ్డాను. ‘ని అయితే లొ, కి అయితే లె’ అన్నదాన్ని తిరుగులేని సూత్రంలా చెప్పాను. మూడు వారాల్లో అది మాకు ఎదురుతిరిగింది.

ముందుగా ‘నాకు’. తెలుగులో ‘నాకు’ వచ్చిన ప్రతిచోటా ఆమె ‘మె’ పెట్టడం మొదలుపెట్టారు. మొదటి రికార్డింగులో చూసిన నాలుగో రంగు ఇదే, ఇప్పుడు నా సూత్రం దానికి ఎరువు వేసింది. ‘నాకు కాఫీ కావాలి’ అనడానికి “మె క్యేరో ఉన్ కాఫే” అన్నారు. స్పానిష్‌లో కావాలనుకునే మనిషి కర్త, కాబట్టి “క్యేరో ఉన్ కాఫే” చాలు. ఒట్టి “మె క్యేరో” అంటే నన్ను నేను ప్రేమించుకుంటున్నాను అని అర్థం వస్తుంది. ‘నాకు తెలుసు’ అనడానికి “లొ సే” అనాలి, అంటే దాన్ని ఎరుగుదును. అక్కడ నాకు లేదు, దాన్ని ఉంది. ఫోను సరిగా పనిచేయనప్పుడు ‘నాకు వినబడటం లేదు’ అనబోయి ఆమె చాలాకాలంగా “నో మె ఓయ్గో” అంటున్నారు. దానర్థం నా మాట నాకే వినబడటం లేదని. అవతల ఉన్నది పురుషుడైతే “నో లొ ఓయ్గో”, స్త్రీ అయితే “నో లా ఓయ్గో”, పలువురైతే “నో లొస్ ఓయ్గో”. మన ‘మీరు’లో స్త్రీ పురుష భేదం లేదు, గౌరవంగా అనే ‘ఉస్తెద్’లోనూ లేదు. కానీ దాని కర్మరూపంలో మాత్రం ఆ భేదం బయటపడుతుంది. ఇది ఆమెకు చాలా కొత్తగా అనిపించింది.

తర్వాత ‘అడగడం’. ‘మేనేజరుగారిని అడిగాను’ అన్నప్పుడు తెలుగులో ‘ని’ ఉంది కాబట్టి ఆమె “లొ ప్రెగుంతే” అన్నారు. సరైనది “లె ప్రెగుంతే”. నా సూత్రం ప్రకారం ఆమె చేసింది న్యాయమే, తప్పు సూత్రానిది. ఆ రాత్రి కూర్చుని నేను ఆలోచించినది ఇది: అడగడంలో అడిగిన మనిషే కాక అడిగిన విషయం కూడా ఉంటుంది. తెలుగు మనిషికి ‘ని’ ఇచ్చి, విషయాన్ని ఏ ప్రత్యయమూ లేకుండా పక్కన కూర్చోబెడుతుంది: ‘అతన్ని డబ్బు అడిగాను’. స్పానిష్ ప్రత్యక్ష కర్మ స్థానాన్ని విషయానికే ఇస్తుంది, మనిషి ‘లె’లోకి జరగాలి: “లె పెది దినేరో”. నమ్మడమూ ఇంతే. ‘దాన్ని నమ్ముతున్నాను’ అంటే “లొ క్రేఓ”, ‘అతన్ని నమ్ముతున్నాను’, అంటే అతను చెప్పింది నమ్ముతున్నాను అంటే “లె క్రేఓ”. చెప్పిన మాట ప్రత్యక్ష కర్మ, చెప్పినవాడు పరోక్ష కర్మ. ఈ వివరణతో ఆమెకు అడగడం, నమ్మడం, జీతం ఇవ్వడం అన్నీ ఒకే గూటికి చేరాయి.

అటు తిరిగినవీ ఉన్నాయి. ‘అతని కోసం ఎదురుచూశాను’ అన్నదానికి “లొ ఎస్పెరే”. ‘దాని కోసం వెతికాను’కు “లొ బుస్కే”. మన ‘కోసం’ స్పానిష్‌లో మాయమైపోతుంది. ‘అతనికి సహాయం చేశాను’కు “లొ ఆయుదే”. ‘అతనికి ఫోన్ చేశాను’కు “లొ యామే” అని పుస్తకం చెబుతుంది, కానీ మెక్సికోలో “లె యామే”, “లె ఆబ్లే” కూడా వినబడతాయి. అక్కడ ‘ఆబ్లార్’ అంటే మాట్లాడటమే కాదు, ఫోన్ చేయడం కూడా. ఇలాంటి క్రియలకు ఆమె ఒక చిన్న నోటుపుస్తకం పెట్టారు. ఎడమవైపు తెలుగు విభక్తి, కుడివైపు స్పానిష్ సర్వనామం. రెండూ సరిపోలే క్రియలు అందులో రాయకూడదని షరతు పెట్టాను. రాయవలసినవి ఎన్నో ఉంటాయని ఆమె భయపడ్డారు. నాలుగు నెలల్లో రెండు పేజీలు నిండాయి, అంతే.

సె లొ

అతనికి దాన్ని పంపాను అంటే మామూలు లెక్కన ‘లె లొ మాందే’ కావాలి. కానీ స్పానిష్‌లో ‘లె’, ‘లెస్’ తర్వాత లొ, లా, లొస్, లాస్ ఏది వచ్చినా ముందున్నది ‘సె’గా మారిపోతుంది: “సె లొ మాందే”. రెండు ‘ల’లు వరసగా వస్తే పలకడం కష్టమని మార్చారంటూ కొందరు చెబుతారు. అసలు సంగతి చరిత్రలో ఉంది. లాటిన్‌లోని ‘ఇల్లి ఇల్లుమ్’ వంటి జంట మాట మధ్యయుగపు స్పానిష్‌లో ‘జెలొ’కు దగ్గరగా వినిపించే మాటగా మారింది. పదహారో శతాబ్దం వచ్చేసరికి ఆ మొదటి భాగం, తనను తాను అనే అర్థంలో ముందే ఉన్న ‘సె’తో కలిసిపోయింది. ఆమె రసాయనశాస్త్రం చదివిన మనిషి, ఏ మార్పుకైనా కారణం తెలిస్తే గానీ స్థిమితపడరు. అందుకే ఇదంతా చెప్పాను. అందరికీ చెప్పను.

ఇక్కడ నా రెండో తొందరపాటు. ‘సె లొ’ను మరీ ముందుగానే మొదలుపెట్టాను. ఒంటరి ‘లె’ ఇంకా నాలుక మీద నిలవకముందే దాన్ని మార్చే నియమం చెప్పడంతో, ఆమె ‘లె’ రావలసిన చోటల్లా ‘సె’ అనడం మొదలుపెట్టారు. ‘అతనికి చెప్పాను’ అనడానికి “సె దిహె” అన్నారు, “లె దిహె” బదులు. దాన్ని పూర్తిగా ఆపేసి, ఆరు వారాల తర్వాత మళ్లీ ఎత్తుకున్నాం. రెండోసారి ఒకే ఒక అభ్యాసం: బల్ల మీద కలం, కాగితం, తాళంచెవులు పెట్టుకుని ఒకరికొకరం ఇచ్చుకోవడం. “దామెలా” (దాన్ని నాకు ఇవ్వు), “తె లా దోయ్” (నీకు దాన్ని ఇస్తున్నాను), “యా సె లా ది” (అతనికి దాన్ని ఇచ్చేశాను). చేతిలో వస్తువు కదులుతుండగా నోటిలో సర్వనామం కదలాలి. వ్రాత పని ఒక్కటీ లేదు. పట్టిక చెప్పలేని ముగ్గురు పిల్లలు కూడా ఇలా ఆడుతూ దీన్ని పట్టుకోవడం నేను ఇంతకుముందు చూశాను.

ఆజ్ఞ ఇచ్చేటప్పుడు, ‘పంపడం’, ‘పంపుతూ’ వంటి రూపాల్లో సర్వనామాలు క్రియ వెనక అతుక్కుంటాయి: “మాందెమెలొ”, నాకు దాన్ని పంపండి. వద్దు అన్నప్పుడు మళ్లీ ముందుకొస్తాయి: “నో మె లొ మాందె”. “సె లొ బోయ్ ఆ మాందార్” అన్నా, “బోయ్ ఆ మాందార్సెలొ” అన్నా ఒకటే, అతనికి దాన్ని పంపబోతున్నాను అని. ఇది ఆమెకు పెద్ద కష్టం కాలేదు. అతుక్కున్నా ఊనిక మొదటి చోటే ఉండిపోతుందని, రాసేటప్పుడు దాని మీద గుర్తు పెట్టాలని చెబితే సరిపోయింది.

రెండో ఫైలు లేదు

నాలుగో నెలలో ఆమె ఒక ఉదయం ఫోన్ చేశారు. కంగారుగా ఉన్నారు. మెక్సికో నుంచి సందేశం వచ్చింది: “ఎల్ ఇన్ఫోర్మె యా సె లొస్ మాందే”. నివేదిక ఒక్కటే అడిగారు, అది వచ్చింది. కానీ వాక్యంలో ‘లొస్’ ఉంది, బహువచనం. అంటే ఇంకా ఏదో పంపి ఉండాలి అనుకుని ఆమె, ఆమె బృందం పూట గడిచేదాకా రెండో ఫైలు కోసం వెతికారు. నేను నేర్పిన దాని ప్రకారం ఆమె చదివింది ముమ్మాటికీ సరైనదే.

రెండో ఫైలు లేదు. మెక్సికోలోనూ లాటిన్ అమెరికాలో చాలాచోట్లా మాటల్లో ఇలా అంటారు. ‘సె’ అంటే ఆయనకా, ఆమెకా, మీకా, వాళ్లకా తెలియదు, దానికి ఏకవచన బహువచనాలు లేవు. అందుకని అందుకున్నవారు పలువురైతే ఆ బహువచనాన్ని పక్కనున్న ‘లొ’కు తగిలిస్తారు. “సె లొస్ మాందే” అంటే దాన్ని మీ అందరికీ పంపాను అని. స్పెయిన్‌లో రాసే స్పానిష్‌లో అయితే అది “సె లొ మాందే” అవుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, అయినా ముందుగా చెప్పలేదు. పుస్తకం ప్రకారం సరైనది నేర్పాను గానీ, ఆమె రోజూ మాట్లాడే మనుషుల వాడుకను పాఠంలోకి తేలేదు. ఈ కేసులో నేను సరిదిద్దుకున్న పెద్ద తప్పు ఇదే.

ఆ రోజు నుంచి పాఠం మెక్సికో వైపు తిరిగింది. అక్కడివారు “ఆందలె”, “పాసలె”, “ఎచలె గానాస్” అంటారు, సరే కానివ్వు, లోపలికి రండి, మనసు పెట్టి చెయ్యి అన్నట్లు. వీటిలోని ‘లె’ ఎవరినీ సూచించదు, ఎవరికి అని వెతకకూడదు. అలాగే స్పెయిన్‌వారు రాసిన ఉత్తరాల్లో పురుషుణ్ణి చూశాను అనడానికి “లె బి” అని కనిపిస్తే తప్పనుకోవద్దని చెప్పాను. 1713లో ఏర్పడిన రాయల్ స్పానిష్ అకాడమీ, పురుషుడు ఒక్కడే అయినప్పుడు ఆ ‘లె’ను అంగీకరిస్తుంది. స్త్రీకి ఇచ్చాను అనడానికి మాడ్రిడ్ వైపు కొందరు “లా ది” అంటారు, దాన్ని మాత్రం అంగీకరించదు. ఆమెకు ఇవన్నీ వాడటానికి కాదు, విన్నప్పుడు తడబడకుండా ఉండటానికి.

అయిదో నెల చివర

అయిదో నెల ఆఖరున మొదటి రోజు అడిగిన ప్రశ్నలే మళ్లీ అడిగి రికార్డు చేశాను. మొదటి రంగు, అంటే వదిలేయడం, దాదాపు లేదు. క్రియ తర్వాత సర్వనామం పెట్టడం పూర్తిగా పోయింది. తెలుగులో లాగానే చెబుతున్నారు కాబట్టి అది తిరిగి వచ్చే అవకాశం కూడా తక్కువ. ‘నో మె ఓయ్గో’ పోయింది. వేగంగా మాట్లాడినప్పుడు లింగం ఇంకా జారుతోంది, నమూనా అంటూనే ‘లొ’ అనేస్తున్నారు. ఇది ఇంకో ఏడాది ఉంటుందని నా అంచనా, ఆమెతో కూడా అలాగే చెప్పాను.

ఒక లోటు మాత్రం అలాగే ఉంది. ‘డైరెక్టరుగారికి ఇచ్చాను’ అన్నప్పుడు, ఎవరికి అన్నది వాక్యంలో చెప్పినా సరే, స్పానిష్‌లో సాధారణంగా ‘లె’ కూడా ఉంచుతారు: “లె ది ఎల్ ఇన్ఫోర్మె ఆ లా దిరెక్తోరా”. ‘ఆవిడకు డైరెక్టరుగారికి ఇచ్చాను’ అన్నట్లు ఒకే మనిషిని రెండుసార్లు చెప్పడం ఆమెకు ఇంకా ఒంటబట్టలేదు. చెప్పకపోతే తప్పేమీ కాదు, కొంచెం పుస్తకాల మాటలా వినిపిస్తుంది. తెలుగులో నాకు దీనికి సరిపోలే వాడుక దొరకలేదు. ఉంటే ఆ దారిన వెళ్లేదాన్ని. ప్రస్తుతానికి ఆమె ఫోను సంభాషణలు విని, ఆ ‘లె’ వచ్చిన ప్రతిచోటా ఒక గీత గీసుకుంటున్నారు.

పోయిన వారం ఆమె నోటుపుస్తకం తీసుకొచ్చారు. మెక్సికో నుంచి ఒకాయన ఫోను మధ్యలో “సె మె కాయో లా యామాదా” అన్నారట, కాల్ కట్ అయిపోయిందని. ‘సె’ ఉంది, ‘మె’ ఉంది, సర్వనామంగా ‘లొ’ లేదు, ‘లా’ లేదు. చేసినవాడు కాల్ కాదు, తాను కాదు, తన చేతిలోంచి అది జారిపోయింది అన్నట్లు ఉంది. “ఇది ఏ గడిలో రాయాలి మేడమ్?” అని అడిగారు. మనం ‘పోయింది’, ‘జారిపోయింది’, ‘అయిపోయింది’ అంటామే, ఆ ‘పోవు’ దగ్గర మొదలుపెడదామని చెప్పాను. వచ్చే తరగతి దానితోనే.